సీసాలో వచ్చిన చేపకి పేరు వెతకడం

దసరా సెలవులకి తగరపువలస దగ్గర వాళ్ళ తాతగారింటికి వెళ్ళిన మా మేనల్లుడు తిరిగొస్తూ లీటరు నీళ్ళ సీసాలో ఒక చేపని తెచ్చాడు. మూతకి మేకుతో నాలుగు కన్నాలు పొడిచాడు. పెరటి బావిలో బకెట్ వేసి తోడితే వచ్చిందట. అంగుళంన్నర పొడవు, బూడిద రంగు, కాస్త ఎత్తుగా పొట్ట. అంతకు మించి దాని గురించి చెప్పుకోడానికేమీ లేదు. "మావయ్యా, ఇది ఆడ గప్పీయే కదా?" అని అడిగి, నేను కళ్ళజోడు వెతుక్కునేలోపే మా గప్పీల తొట్టిలో గుమ్మరించేశాడు.

మర్నాటికి రెండు మగ గప్పీల తోకలు పీలికలైపోయాయి. ఆ మర్నాటికి ఇంకో మూడు. కొత్తగా వచ్చినదాని తోక మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని మళ్ళీ సీసాలోకి తీసి, ఫోటో కొట్టి, తెలిసినవాళ్ళందరికీ పంపాం. ఒకరు ఆడ గప్పీ అన్నారు. ఒకరు మోలీ పిల్ల అన్నారు. చేపల షాపతను జూమ్ చేసి చూసి "ఏదో కాలవ చేపండీ, పారేయండి" అన్నాడు. ఫోన్లో ఉన్న ఒక యాప్‌ని అడిగితే మొదటిసారి ఒక పేరు, కొంచెం వెలుతురు మార్చి తీసిన ఫోటోకి ఇంకో పేరు చెప్పింది.

ఇన్ని జవాబులు రావడానికి కారణం ఒక్కటే. అందరూ రంగే చూశారు. బూడిద రంగు చిన్న చేప అనగానే ఎవరికి ఏది గుర్తొస్తే అది చెప్పారు. చేపని చూడగానే కంటికి ఆనేది రంగే, ఒప్పుకుంటాను. కానీ గుర్తుపట్టే పనిలో రంగుది ఆఖరి వరస. అన్నీ అయ్యాక, మిగిలిన రెండు పేర్లలో ఏదో తేల్చుకోడానికి దాన్ని పిలవాలి.

రంగు ఎందుకు నమ్మరాదో ఇంట్లోనే చూడొచ్చు. నియాన్ టెట్రాలుంటే తెల్లవారుజామున లేచి తొట్టి లైటు ఠక్కున వేయండి. ఆ నీలి గీత ఉండదు. పాలిపోయి, ఎవరో రుద్ది చెరిపేసినట్టు ఉంటాయి. లైటు పడ్డ కాసేపటికి మెల్లగా గీత తిరిగొస్తుంది. ఇక షాపు నుంచి కవర్లో వచ్చిన చేప బెదిరిపోయి రంగు వదిలేస్తుంది. జత కట్టే రోజుల్లో అదే చేప రెండింతలు మెరుస్తుంది. నేల మీద నల్లరాళ్ళు వేస్తే ఒకలా, తెల్ల ఇసక వేస్తే ఇంకోలా ఉంటుంది.

ఇవన్నీ చేప సొంతంగా చేసే మార్పులు. మనుషులు చేసేవి వేరే ఉన్నాయి. మన గుంటల్లో, కాలవల్లో దొరికే గ్లాస్ ఫిష్ ఒళ్ళంతా గాజులా ఉండి లోపలి ముళ్ళు కనిపిస్తాయి. దానికి సూదితో రంగు ఎక్కించి గులాబీ, పచ్చ, నీలం చారలతో అమ్మేవాళ్ళు. కొన్ని నెలలకి ఆ రంగు కరిగిపోతే కొన్నవాళ్ళు చేపకి రోగం వచ్చిందనుకునేవాళ్ళు. ఆ తర్వాత సూది కూడా అక్కర్లేకుండా పోయింది. 1999లో సింగపూర్ విశ్వవిద్యాలయంలో జెల్లీఫిష్ జన్యువుని జీబ్రా చేపలోకి చొప్పించి పచ్చగా వెలిగే చేపని తయారుచేశారు. ఇప్పుడు ఎరుపు, నారింజ, ఊదా రంగుల్లో కవర్లలో వేలాడే 'గ్లో ఫిష్'ల్లో చాలావాటి వంశం అదే. జీబ్రాకి పేరు తెచ్చిన నీలి చారలు వాటిలో వెతుక్కోవాల్సిందే. అయినా అది జీబ్రాయే. నోటి దగ్గర రెండు జతల సన్నటి మీసాలున్నాయి, ఒళ్ళు ఆకారం అదే, రెక్కలున్న చోటు అదే. 1822లో గంగానది చేపల గురించి రాస్తూ ఫ్రాన్సిస్ హామిల్టన్ వర్ణించిన చేప, ఎర్ర చొక్కా తొడుక్కుంది, అంతే.

మరి రంగు పక్కన పెడితే ఏం చూడాలి? దీనికి పాఠం చేపల తొట్టిలో కంటే చేపల మార్కెట్లో బాగా వస్తుందని నా నమ్మకం. మా మేనల్లుణ్ణి కూడా ముందు విశాఖ పూర్ణా మార్కెట్‌కే తీసుకెళ్ళాను.

అక్కడ ఒక చెక్క మీద చందువలు, రూప్‌చంద్‌లు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ పళ్ళెంలా గుండ్రం, పల్చన, వెండి మెరుపు. దూరం నుంచి చూస్తే ఒకే ఇంటివి అనిపిస్తాయి. ఆ పోలికని నమ్ముకునే రూప్‌చంద్ అనే చెరువు చేప సముద్రపు చందువ పక్కన కూర్చుంది. అసలు ఆ పేరులో ఉన్న చంద్ కూడా అదే, బెంగాల్లో రూప్‌చందా అంటే చందువే. నేను ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూస్తుంటే అమ్మే ఆవిడకి చిరాకొచ్చింది. "ఏటి బాబూ, సేపలు కొంతావా, పెళ్ళిసూపులు సూత్తన్నావా?" అంది. కొంటానని చెప్పి కూర్చున్నాను.

రూప్‌చంద్ వీపు మీద పెద్ద రెక్క ఉంది. అది అయిపోయాక, తోక మొదలయ్యేలోపు, చిటికెన వేలి గోరంత ఇంకో రెక్క ఉంది. దాంట్లో ముల్లు లేదు, రెక్కని నిలబెట్టే పుల్లలాంటి ఊచ లేదు, వేలితో నొక్కితే మెత్తటి తోలు ముక్కలా వంగింది. దీన్ని కొవ్వు రెక్క అందాం. చందువకి ఆ చోట ఏమీ లేదు. ఇప్పుడు చేపని వెల్లకిలా తిప్పండి. రూప్‌చంద్ పొట్ట కింద జత రెక్కలున్నాయి. చందువ పొట్ట కింద చెయ్యి పెడితే నున్నగా జారిపోతుంది, అక్కడ రెక్కలే లేవు. చివరగా రూప్‌చంద్ పెదవి ఎత్తాం. మనిషి దవడ పళ్ళలా వెడల్పుగా, వరసగా పళ్ళు. మావాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఆ గోరంత కొవ్వు రెక్క చాలా సంగతి చెబుతుంది. రూప్‌చంద్ దక్షిణ అమెరికా నదుల చేప, టెట్రాలకి చుట్టం. మన తొట్టిలో తిరిగే నియాన్‌కీ, విడో టెట్రాకీ వీపు వెనకాల అదే చిన్న రెక్క కనిపిస్తుంది. ఇదే రూప్‌చంద్ పిల్ల, పొట్ట ఎర్రగా ఉన్న వయసులో, అక్వేరియం షాపుల్లో 'పిరానా' అన్న పేరుతో అమ్ముడవుతుంది. పిరానాకి కూడా కొవ్వు రెక్క ఉంటుంది కాబట్టి అక్కడ ఆ గుర్తు పనికిరాదు, పళ్ళు చూడాలి. పిరానావి కత్తిరించే ముక్కోణాలు, దీనివి నమిలే దవడ పళ్ళు. రెండొందలు పెట్టి పిరానా అని కొన్న చేప నాలుగేళ్ళకి కేజీల్లో తూగడం మొదలుపెడితే అది ఏమిటో పూర్ణా మార్కెట్ ఆవిడ చెప్పగలదు.

చందువ సంగతి తీశాం కాబట్టి ఇంకో మాట. నల్ల చందువ, తెల్ల చందువ అని రెండూ చందువలే అంటాం. నల్ల చందువ నిజానికి చందువ కుటుంబంలోది కాదు, పార చేపల కుటుంబంలోది. తోక మొదట్లో వేలు పెట్టి వెనక నుంచి ముందుకి రాస్తే గరుకుగా గట్టి పొలుసుల వరస తగులుతుంది, తెల్ల చందువకి ఆ గరుకు ఉండదు. పేరు ఒకటైనంత మాత్రాన జాతి ఒకటి కాదు. అక్వేరియం షాపులో 'షార్క్' అని రాసి ఉన్న చేపల దగ్గర ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. సొర చేప ఎలా ఉంటుందో విశాఖ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మెడ పక్కన వరసగా మొప్ప చీలికలు, పైన మూత ఉండదు. షాపులో షార్కులన్నిటికీ మొప్ప మీద శుభ్రంగా మూత ఉంటుంది. ఎర్రతోక షార్క్ మన బొచ్చె, శీలావతి కుటుంబంలోది. ఇంకో షార్క్, వెండి చారలతో చూడముచ్చటగా ఉండేది, మన ఆక్వా చెరువుల్లో పెంచే పంగాసియస్ పిల్ల. రెండడుగుల తొట్టిలో వేశారంటే ఆ పాపం మీదే, అది మీటరు దాటి పెరగగలదు.

ఈ నల్ల చందువ, తెల్ల చందువల గొడవ ఇవాళ్టిది కాదు. 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉంటూ ఇక్కడి చేపల్ని పోగుచేసి వర్ణించాడు. రక్తపింజరికి ఇంగ్లిష్‌లో ఉన్నది ఈయన పేరే. విశాఖ తీరంలో దొరికిన రెండువందల చేపల గురించి ఆయన రాసింది 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయింది. చేపలకి ఇక్కడి జాలర్లు చెప్పిన తెలుగు పేర్లే పెట్టాడు, ఆయన చెవికి వినపడ్డ తీరులో నల్ల 'సందవ', తెల్ల 'సందవ' అందులో ఉన్నాయి. 'చ'ని 'స' అనడం మన ఉత్తరాంధ్ర గొంతు. మార్కెట్లో ఆవిడ మొన్న అన్న మాట, రెండొందల ఏళ్ళ కిందట ఎవరో అన్నారు, దొర రాసుకున్నాడు. నాకు ఇంకా నచ్చేది ఏమిటంటే, ఆ పుస్తకంలో చేపల బొమ్మలకి రంగులు లేవు. నలుపు తెలుపు గీతలే. అయినా ఒళ్ళు ఆకారం, నోరు, రెక్కలు చూసి చేపల శాస్త్రవేత్తలు ఇది ఫలానా చేప అని పోల్చుకోగలిగారు.

సరే, ఇంటికొద్దాం. చేపని ముందు సరిగ్గా కనపడేలా పెట్టుకోవాలి. గుండ్రటి సీసాలో చేప వంకర పోతుంది, నీళ్ళసీసా భూతద్దంలా పనిచేసి తల లావు చేస్తుంది. నేను వాడేది పల్చటి ప్లాస్టిక్ స్వీట్ల డబ్బా. చదునైన పక్క ఉండాలి, చేప అటు ఇటు తిరగలేనంత ఇరుగ్గా ఉండాలి, వెనక నల్ల కాగితం అంటించాలి, బయట పక్కన స్కేలు పెట్టాలి. వెలుతురు పక్క నుంచి రావాలి. ఫ్లాష్ వేస్తే పొలుసులు అద్దాల్లా మెరిసి ఏమీ కనపడదు. ఒకటి రెండు ఫోటోలు కాదు, ముప్ఫై తీయండి. చేప రెక్కల్ని గొడుగులా పూర్తిగా విప్పే క్షణం ముప్ఫైలో ఒకదాంట్లో దొరుకుతుంది. మీకు కావలసింది అదే. పది నిమిషాల్లో ముగించి చేపని తొట్టిలోకి వదిలేయండి, ఆ డబ్బాలో దానికి గాలి ఆడదు.

పొడవు కొలిచేప్పుడు తోక రెక్కని వదిలేసి మూతి నుంచి తోక మొదలు దాకా కొలవాలి. తోక చిరగొచ్చు, పెంపకంలో వోణీలా సాగొచ్చు. దాన్ని కలుపుకుంటే కొలతకి అర్థం లేదు. నిజానికి కొలతల కంటే లెక్కలు మంచివి. పిల్లప్పుడు కన్ను పెద్దగా, ఒళ్ళు సన్నగా ఉన్న చేప పెద్దయ్యాక పొట్ట వేసి కన్ను చిన్నదవుతుంది. రెక్కల్లో ఊచల సంఖ్య మాత్రం పసితనంలో కుదురుకున్నాక ఇక మారదు. రెక్కల ఊచలు లెక్కపెట్టి చేపల్ని విడదీసే పద్ధతిని 18వ శతాబ్దంలో గట్టిగా నిలబెట్టినవాడు స్వీడన్‌కి చెందిన పీటర్ ఆర్టెడీ. జీవులకి జంట పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్‌కి స్నేహితుడు. ముప్ఫై ఏళ్ళకే, 1735లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలవలో పడి పోయాడు. చేపల శాస్త్రానికి తండ్రి అనిపించుకున్నాయనకి రావలసిన చావేనా అది!

బడి పుస్తకాల్లో రెక్కల్ని వాజాలు అని రాస్తారు, పృష్ఠ వాజం, పాయు వాజం అని. నేను వీపు రెక్క, అడుగు రెక్క అనే అంటాను. వీపు రెక్క ఒకటే ఉందా, ముందు భాగం ముళ్ళతో, వెనక భాగం మెత్తటి ఊచలతో ఉందా? ముళ్ళుంటే చేప కుటుంబం ఒక్కసారిగా మారిపోతుంది. శాస్త్రం రాసేవాళ్ళు ముళ్ళని రోమన్ అంకెల్లో, మెత్తటి ఊచల్ని మామూలు అంకెల్లో రాస్తారు. ఈ లెక్క ఒక్కోసారి ఎంత తేలిగ్గా తగువు తీరుస్తుందో చెప్తాను. కాలవలో పట్టిన అంగుళం చేపపిల్ల, ఒంటి మీద నిలువు చారలు, ముళ్ళ వీపు. అది తిలాపియా పిల్లా, మన కరిమీన్ పిల్లా? కరిమీన్‌ని కొన్నిచోట్ల దువ్వెన చేప అంటారు. అడుగు రెక్కలో ముళ్ళు లెక్కపెట్టండి. తిలాపియాకి మూడే ఉంటాయి. కరిమీన్‌కి పన్నెండు దాకా, దువ్వెన పళ్ళలా ఉంటాయి. మూడా పన్నెండా అన్నది తేల్చడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. ఈ రెండూ, తొట్టిలో పెంచే ఏంజెల్ ఫిష్ కూడా, సిక్లిడ్లనే ఒకే కుటుంబంలోవి. పైగా ఈ కుటుంబానికి ఇంకో వింత ఉంది. మూతి మీద ఒక్కో వైపు ఒక్కటే ముక్కు కన్నం. మిగతా చేపల్లో చాలావాటికి ఒక్కో వైపు రెండు. ఏంజెల్ ఫిష్ ఇంట్లో ఉంటే ఇవాళే చూడండి.

ముళ్ళు లేవనుకుందాం. అప్పుడు కొవ్వు రెక్క కోసం చూడాలి. ఉంటే, ఒంటి మీద పొలుసులుంటే, టెట్రాల వైపు. పొలుసులు లేక మీసాలుంటే జెల్లల వైపు. కొవ్వు రెక్క లేదు, దవడల్లో పళ్ళు లేవు, వీపు రెక్క ఒళ్ళు మధ్యలో ఉంది అంటే బార్బ్‌లు, రాస్‌బోరాలు, డానియోలు, మన పరిగెలు. ఈ గుంపులో లోపలికి వెళ్తే పని కష్టమవుతుంది. మన చెరువు పరిగెల్లోనే ఒకదానికి వీపు రెక్క మొదట్లో ఒక చుక్క, తోక మొదట్లో ఒక చుక్క ఉంటాయి, మీసాలు ఉండవు, పక్కన ఉండే గీత మొప్ప నుంచి తోక దాకా తెగకుండా సాగుతుంది. దానికి దాయాది టిక్టో బార్బ్‌కి రెండు చుక్కలూ ఒంటి మీదే ఉంటాయి, గీత కొన్ని పొలుసులు నడిచి మధ్యలో ఆగిపోతుంది. ఆ గీత ఏమీ అలంకారం కాదు. పొలుసుల్లో వరసగా ఉన్న సన్నటి రంధ్రాలవి, నీళ్ళ కదలికని చేప వాటితోనే కనిపెడుతుంది. పక్క నుంచి పడే వెలుతురులో చుక్కల వరసలా కనిపిస్తుంది.

నోటి సంగతి మర్చిపోకూడదు. మూతి పైకి తిరిగి ఉంటే నీటి పైపొరలో తినే చేప. సూటిగా ఉంటే మధ్యలో. కిందికి ఉంటే నేల నాకే చేప. పాచి తింటుందని షాపులో ఇచ్చే 'ఆల్గే ఈటర్' అన్న పేరు కింద కనీసం రెండు వేరువేరు చేపలున్నాయి. చైనీస్ దానికి నోరు గిన్నెలా గాజుకి అతుక్కుంటుంది, పెద్దయ్యాక మిగతా చేపల మీద పడుతుంది. సయామీస్ దానికి అలాంటి గిన్నె లేదు, ఒంటి మీది నల్లగీత తోక రెక్క చివరిదాకా వెళ్తుంది. నిజంగా పాచి తినేది ఈ రెండోది. కొనేముందు గాజుకి అతుక్కునే దాకా రెండు నిమిషాలు నిలబడితే చాలు.

ఈ వరసలో మన బావి చేపని కూర్చోబెట్టాను. ముళ్ళు లేవు. కొవ్వు రెక్క లేదు. మీసాలు లేవు. తల పైభాగం పలకలా చదునుగా ఉంది, మూతి పైకి తిరిగి ఉంది. వీపు రెక్క ఒకటే, చిన్నది, నడుము దాటి వెనక ఉంది. తోక చీలలేదు, గుండ్రం. జీబ్రా, పరిగె, టెట్రా అన్నీ ఇక్కడితో పోయాయి. మిగిలినవి మూడు: ఆడ గప్పీ, గంబూసియా, పాంచాక్స్.

పాంచాక్స్ మన సొంత చేప. వరి పొలాల్లో, మురుగు కాలవల్లో, గుంటల్లో నీటి పైపొరలో ఉంటుంది. పై నుంచి చూస్తే నడినెత్తి మీద వెండి బొట్టు మెరుస్తుంది. దోమపిల్లలు వెతుక్కుంటూ ఎన్నోసార్లు చూసుంటారు, పేరు తెలియకపోవచ్చు. మా మేనల్లుడు సీసా మూత తీసి పై నుంచి చూశాడు, బొట్టు లేదు. పాంచాక్స్ వీపు రెక్క మొదట్లో నల్ల మచ్చ ఉండాలి, అదీ లేదు. దాని అడుగు రెక్క పొడుగ్గా ఉండాలి, ఇక్కడ పొట్టిగా ఉంది. కాబట్టి అది కాదు. నేను కొంచెం నిరాశపడ్డాను కూడా, పాంచాక్స్ అయితే ఉంచేసుకుందామనుకున్నాను.

ఇక గప్పీకీ గంబూసియాకీ మధ్య. ఆడవి రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. రెండూ గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. రెండిటికీ పొట్ట వెనక నల్లటి మచ్చ ఉంటుంది. ఇక్కడే అందరూ పొరబడేది. అప్పుడు నేను ముప్ఫై ఫోటోల్లో మంచిదాన్ని ఫోన్లో పెద్దది చేసి, ఒక స్కేలు నిలువుగా పెట్టి, వీపు రెక్క మొదలయ్యే చోటు నుంచి కిందికి గీత గీశాను. గప్పీలో ఆ గీత ఇంచుమించు అడుగు రెక్క మొదటి దగ్గరే దిగుతుంది. ఇక్కడ గీత అడుగు రెక్క మొదటిని దాటి, బాగా వెనక్కి దిగింది. ఇది గంబూసియా లక్షణం. తర్వాత తోక రెక్క చూశాం. గాజులాంటి తోక మీద నల్లటి సన్న చుక్కలు అడ్డంగా రెండు మూడు వరసలు, పెన్సిల్ మొనతో పెట్టినట్టు. వీపు రెక్క మీదా అలాగే. ఆడ గప్పీ తోక మీద ఇలా వరసలుండవు. దాని పొలుసుల అంచులు ముదురుగా ఉండి ఒళ్ళంతా వల కప్పినట్టు కనిపిస్తుంది. శాస్త్రీయ నామంలో రెటిక్యులాటా అంటే ఆ వలే.

గప్పీ తోకలు చీల్చడం కూడా గంబూసియా అలవాటే. కానీ దాన్ని సాక్ష్యంగా ముందు పెట్టలేదు, టైగర్ బార్బ్‌లు కూడా అదే పని చేస్తాయి. రూపం చెప్పిన తర్వాత బుద్ధి బలపరిచింది, అంతే.

అది బావిలోకి ఎలా వచ్చిందన్నది పెద్ద మిస్టరీ కాదు. గంబూసియా సొంతూరు ఉత్తర అమెరికా దక్షిణ భాగం. దోమపిల్లల్ని తింటుందని ప్రపంచమంతా మోసుకెళ్ళి వదిలారు. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. అప్పటి నుంచి మలేరియా విభాగాలు చెరువుల్లో, బావుల్లో, నీళ్ళు నిలిచే గుంటల్లో వదులుతూనే ఉన్నాయి. దోమపిల్లల్ని తినేమాట నిజం. కప్పపిల్లల్ని, ఇతర చేపల గుడ్లని, పిల్లల్ని కూడా తింటుందన్నదీ అంతే నిజం. ప్రపంచంలో అత్యంత హాని చేసిన నూరు పరాయి జీవుల పట్టికలో దీని పేరుంది. నా అభిప్రాయం అడిగితే, నెత్తి మీద వెండి బొట్టున్న మన పాంచాక్స్ దోమపిల్లల్ని తినే పని ఎప్పటినుంచో జీతం లేకుండా చేస్తోంది. ఇంకొక సరదా: 1854లో క్యూబాలో ఫెలిపే పోయీ ఈ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకి, గంబూసియా అని పేరు పెట్టింది 'గంబుసినో' అన్న అక్కడి మాట నుంచి. వలలో ఏమీ పడకపోతే గంబుసినోలు పట్టానని హాస్యమాడేవాళ్ళట. అంటే దాని పేరుకర్థం 'ఏమీ లేదు'.

జాతి దాకా వెళ్దామని మావాడు పట్టుబట్టాడు. గంబూసియాలో మనలాంటివాళ్ళని తికమక పెట్టేవి రెండు జాతులు, అఫినిస్, హోల్‌బ్రూకి. ఒకప్పుడు రెండిటినీ ఒకే జాతిలో ఉపజాతులుగా లెక్కపెట్టేవాళ్ళు. వాటిని గట్టిగా విడదీయాలంటే మగచేప కావాలి. మగదానికి అడుగు రెక్క సూదిలా సాగి జతకట్టే అవయవంగా మారుతుంది, దాని కొన దగ్గర ఒక ఊచ వెనక అంచు మీద సన్నటి రంపపు పళ్ళు ఉన్నాయా లేవా అన్నది సూక్ష్మదర్శినిలో చూడాలి. మన దగ్గరున్నది ఆడది. బావిలో ఏది ఉందో ఊహించి రాయడం నాకిష్టం లేదు. అక్వేరియం వాళ్ళతో నాకున్న పేచీ ఇదే. సగం ఫోటో చూసి జాతి పేరు కూడా గడగడా చెప్పేస్తారు, ప్రజాతి దగ్గర ఆగడం నామోషీ అనుకుంటారు.

"ముడసర్లోవలో వదిలేద్దామా?" అన్నాడు మావాడు. వద్దన్నాను. చెరువైనా, రిజర్వాయరైనా, గెడ్డైనా, తొట్టి చేపని ఎక్కడా వదలకూడదు. మరి తగరపువలస బావిలోకే మళ్ళీ? అక్కడ ఎలాగూ ఉన్నాయి కదా అని వాడి వాదన. ఆలోచిస్తూ ఉండగా వాళ్ళమ్మ మేడ మీద ఖాళీ సిమెంటు తొట్టి ఇచ్చింది. అందులో గుప్పెడు నాచు వేసి చేపని వదిలాడు.

మూడు వారాలకి ఫోన్ చేశాడు. "మావయ్యా, ఒక్క చేపే కదా వేశాం. పిల్లలెక్కడివి?" ఆడ గంబూసియా ఒకసారి జతకట్టిన బీజాన్ని దాచుకుని నెలల తరబడి విడతలుగా పిల్లల్ని కనగలదని చెప్పాను. నాచు తీయొద్దు, తల్లే తినేస్తుందని కూడా చెప్పాను. నలభై దాకా లెక్కపెట్టాడు. తర్వాత ఒక నెలకి వాటిలో మూడింటికి అడుగు రెక్క సన్నబడుతోందని, సూది అవుతోందని, ఫోటోల మీద ఫోటోలు. బడిలో సైన్సు సారు సూక్ష్మదర్శిని ఇస్తానన్నాడట. "పళ్ళు చూసేద్దాం మావయ్యా."

బతికున్న చేపని దాని కింద పెట్టి ఆ పళ్ళు చూడలేం, చచ్చిన చేప కావాలన్నాను. ఫోన్లో కాసేపు చప్పుడు లేదు.

మొన్న ఆదివారం వాళ్ళ మేడ ఎక్కాను. తొట్టి అంచుకి టేపుతో ఒక అట్టముక్క అంటించి ఉంది. స్కెచ్ పెన్నుతో పెద్దపెద్ద అక్షరాలు: గంబూసియా. కింద చిన్నగా: జాతి ఇంకా చూడలేదు.